గడియారం పెట్టెలో ఫోను

గడియారాల మేస్త్రీ కడుపుమంటంతా బావమరిది కోతలరాయుడి మీదే. "సరుకు ఎవరిదో, బావా. నువ్వు ఫోన్లో ప్రకటన వేస్తావు. అది చూసి ఎవరు కొన్నా నీకు కమిషన్. కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే" అన్నాడు వాడు. ప్రకటనకు ముందే డబ్బు కట్టాలన్న ముక్క మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

వారం రోజుల్లో మేస్త్రీ కాలు మీద కాలేసుకున్నది లేదు. పొద్దున్నే టార్చిలైట్ల ప్రకటన వేయడం, పదింటికల్లా ఒక్కటీ అమ్ముడుపోలేదని ఆపేయడం, మధ్యాహ్నం రోషంతో రెండింతలు పెట్టి మరోటి వేయడం, నాలుగింటికి దాన్నీ ఆపేయడం. ఆరువేల నాలుగు వందలు నీళ్లపాలు.

ఇక మిగిలింది ఐదు వందలు. అదీ పోతే బావమరిది గోడౌన్లో మూటలు లెక్కపెట్టే పనికి పోతానని భార్యకు మాటిచ్చాడు.

ఆ పొద్దున అదీ పెట్టి ప్రకటన వేస్తే తొమ్మిదిన్నరకే డెబ్బై ఖర్చయింది. అమ్మకం సున్నా. ఆపేద్దామని వేలు లేచింది.

"ఏమండీ, గోడగడియారం బాగుచేశాక ఏం చేస్తారు?" అంది భార్య, ఊడుస్తున్న చీపురు ఆపకుండా.

"తగిలించి ఒక రోజంతా ముట్టను."

"ఎందుకో?"

"గంటకోసారి ముల్లు కదిపితే అది వెనకబడుతోందో పరుగెడుతోందో ఏ దేవుడికి తెలుస్తుంది?"

ఆమె చీపురు పక్కన పడేసింది. ఫోను లాక్కుని, మర తీసేసిన పాత గడియారం పెట్టెలో పెట్టి తాళం వేసింది.

రోజంతా మేస్త్రీది కాలుగాలిన పిల్లి అవస్థ. ఒకే స్క్రూ మూడుసార్లు బిగించాడు. పెట్టె మాత్రం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బావమరిది దిగాడు. "ఏం బావా, గోడౌన్లో నీ కుర్చీ తుడిపించనా?"

భార్య పెట్టె తెరిచింది. ఐదు వందలూ ఖర్చయ్యాయి. నాలుగు టార్చిలైట్లు అమ్ముడయ్యాయి, కమిషన్ నాలుగు వందల నలభై. నాలుగూ చీకటి పడ్డాకే. వారమంతా మేస్త్రీ ఆ వేళ కాకముందే ప్రకటన పీక నొక్కేశాడన్నమాట.

"నష్టమేగా" అన్నాడు బావమరిది.

"వెనకబడింది. అంతమాత్రాన గడియారాన్ని పారేస్తారట్రా? లోలకం కింద నట్టు అరచుట్టు తిప్పి వేగం సరిచేస్తారు. కుర్చీ నువ్వే తుడుచుకుని కూర్చో" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు ప్రకటనకు రెండు వందలే పెట్టి, సాయంత్రం ఆరింటికి మొదలయ్యేలా మార్చాడు. ఫోను తనే పెట్టెలో పెట్టాడు. గడియారం ఎంత ముందో, ఎంత వెనకో రాసి లోపల అంటించే చీటీ ఒకటి తీసి, పెట్టె తలుపుకు అంటించి రాశాడు: ఒక రోజు పరీక్ష. అరవై రూపాయలు వెనక.