సర్దడమైనది

నేను టిఫిన్ బాక్సులు సర్దుతుంటే ఫోనొచ్చింది. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే అమ్మాయి, దాని వాగుడుకి మేమంతా పిచ్చుక అంటాం, ఊపిరి కూడా తీసుకోకుండా అరిచింది: “అక్కా! వచ్చేశాయి! గేటు దగ్గర రెండు లారీలు! మన నీలం హెల్మెట్లే!”

నా చేతిలోంచి మూత జారిపడింది. “ఏంటా చప్పుడు? నెమ్మదిగా సర్దుకోలేవూ?” లోపలి గదిలోంచి అత్తయ్య. సర్దు. ఈ ఇంట్లో నాకు పెట్టిన అసలు పేరు అదేనేమో. బీరువా సర్దు. కూర చాలకపోతే సర్దుకో. ఆడపడుచు మాటంటే సర్దుకుపో. పెళ్లైన కొత్తలో నేను జ్వరంతో పడుకుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, “ఈ ఒక్క పూటకి ఎలాగో సర్దెయ్యి,” అన్నాడు. ఆ ఒక్క పూట పంతొమ్మిదేళ్లు సాగింది. బాక్సులు అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాను.

ఫ్యాక్టరీలో నా పని హెల్మెట్లు పగలగొట్టడం. లోహపు తలకి హెల్మెట్ తొడిగి, పైనుంచి ఇనుప దిమ్మ మీదికి వదలాలి. లోపలి తలకి తగిలిన దెబ్బ తెర మీద అంకెగా పడుతుంది. ఎర్ర గీత దాటితే ఫెయిల్. నాకు ఆ పనంటే ప్రాణం. దేన్నీ సర్దక్కర్లేని చోటు నాకు అదొక్కటే. అదీ నాలుగు నెలల క్రితం వరకే. నీలం బ్యాచ్‌లో ఆరు వదిలితే నాలుగు గీత దాటాయి. మేనేజరు నవ్వుతూ వచ్చాడు. “కాస్త సర్దెయ్యమ్మా. ఇంట్లో ఎన్ని సర్దుకోరు మీరు!”

సర్దేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ సర్దేశాను. అసలు అంకె కొట్టేసి, పక్కన ఆయన చెప్పింది వేశాను. అలవాటుపడ్డ చెయ్యి. కాకపోతే రిజిస్టర్లో దిద్దిన ప్రతిచోటా కారణం రాయాలని నాకు పని నేర్పిన పెద్దావిడ చెప్పింది. అదీ అలవాటే. అందుకని చివరి గడిలో “మేనేజరు గారు చెప్పగా సర్దడమైనది” అని నాలుగుసార్లు గుండ్రంగా రాశాను. ఆయన నాలుగింటి కిందా చదవకుండానే సంతకం పెట్టాడు. ఆడవాళ్లు రాసింది చదివే ఓపిక ఆయనకెప్పుడూ లేదు.

వారం తిరక్కుండా మా ఆయన నీలం హెల్మెట్ ఒకటి కొనుక్కొచ్చి, కాలేజీకి స్కూటర్ మీద వెళ్లే మా అమ్మాయి తల మీద పెట్టాడు. “మీ అమ్మ పాస్ చేసిన సరుకే!” పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోయింది. దాని తల మీంచి హెల్మెట్ లాగేసి, జరిగింది చెప్పాను. “నోరు మూసుకో. ఉద్యోగం పోగొట్టుకుంటావా? సర్దుకుపో,” అన్నాడు మా ఆయన. మర్నాడే రిజిస్టర్లో ఆ పేజీ ఫోటో తీసి, దిద్దింది నేనేనని కింద రాసి, సరుకు నాణ్యత చూసే ప్రమాణాల కార్యాలయానికి పంపేశాను.

వాళ్లొచ్చి మళ్లీ పరీక్షించారు. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించమన్నారు. “నేనెప్పుడు చెప్పాను?” అన్నాడట మేనేజరు. ఆయన సంతకాలే ఆయనకి చూపించారు. నాకూ మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

నేను వెళ్లేసరికి ఆవరణంతా నీలం! ఒకదాని లోపల తలపిన్ను ఇరుక్కుని ఉంది. ఒకదాని మీద ఎవరో పిల్లలు పువ్వు బొమ్మ అంటించారు. ఇన్ని తలలు! పిచ్చుక నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వచ్చినవాటిలో కొన్ని మళ్లీ పరీక్షించి చూపించమని కార్యాలయం నుంచి వచ్చిన ఆవిడ అడిగింది. పరుగున వెళ్లి మొదటిది తొడిగాను.

అప్పుడే ఫోను. మా ఆయన. “బాక్సులకి మూతల్లేవు, అమ్మకి టిఫిన్ లేదు! ఇదంతా ఎవరు సర్దుతారనుకున్నావ్?”

“ఈ ఒక్క పూటకి మీరే ఎలాగో సర్దెయ్యండి,” అని ఫోను పెట్టేసి మీట నొక్కాను.

హెల్మెట్ దిమ్మ మీద ఢామ్మని పడింది. పడిన అంకె పడినట్టే రాశాను.