ఆ మాటేందో చెప్పండి

"ఆ మాటేందో చెప్పందే మేం తీర్పెట్టా చెప్పేది మౌలాలీ?" త్రికోటేశ్వరరావు అడగడం అది మూడోసారి.

మౌలాలీ తలెత్తలేదు. సగం పరిచిన నాపరాళ్ళ మీద గొంతుక్కూర్చుని రాళ్ళ సందుల్లో ఎండిన సిమెంటు గోటితో గీకుతున్నాడు. ఆ రాళ్ళు పరిచిన మేస్త్రి అతనే. పదకొండు రోజుల కిందట ఆ గదిలోనే, ఇరవయ్యేళ్ళుగా తనతో కలిసి రాళ్ళెత్తుతున్న బాబూరావును చేతిలో ఉన్న తాపీతో కొట్టాడు. తాపీ కొస కంట్లో దిగింది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆ కన్ను తీసేశారు.

మండలాలు వచ్చిన ఏడాది అది. త్రికోటేశ్వరరావు మాచర్లలో కొత్తిల్లు కట్టుకుంటున్నాడు. మౌలాలీ వాళ్ళ పేటకు పెద్దమనిషి కూడా ఆయనే కాబట్టి పంచాయితీ ఆ ఇంట్లోనే పెట్టారు. స్టేషన్‌లో శుక్రవారం దాకా ఆగుతామన్నారు. ఈలోపు రాజీ కుదిరితే సరి. లేకపోతే కేసు రాస్తారు, మౌలాలీ గురజాల కోర్టుకు, అక్కడి నుంచి జైలుకు పోతాడు. బాబూరావు భార్య శేషమ్మ ఒక్క మాట మీద నిలబడింది. "మా ఆయన అనగూడని మాట అన్నాడని పెద్దలు తేలిస్తే సంతకం పెట్టిస్తా. ఊరికే కొట్టాడంటే మాత్రం ఒప్పుకోను."

ఆ రోజు అక్కడున్న కూలీలను అడిగితే, "రాయి చెక్కే చప్పుడులో వినపళ్ళేదండీ," అన్నారు ఇద్దరూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

"రేపు పొద్దున మళ్ళీ కూర్చుంటాం. రేపు కూడా నోరిప్పకపోతే ఇంక మా చేతుల్లో లేదు," అని త్రికోటేశ్వరరావు లేచాడు.

మౌలాలీ భార్య హజ్రా బీ గుమ్మం అవతల ఆడవాళ్ళలో నిలబడి అంతా విన్నది. ఇంటికి రాగానే మొగుణ్ణి అడిగింది. బతిమాలింది, తిట్టింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నేను చెప్తా అమ్మా," అన్నది మహమూదా.

మహమూదాకు పంతొమ్మిదేళ్ళు. మూడో ఏట జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చేతిమిషన్ మీద జాకెట్లు కుడుతుంది. దాచేపల్లి సంబంధమొకటి ఈ మధ్యే ఖాయమైంది.

"నీకెట్టా తెలుసే?"

"క్యారేజీ తీసుకుపోయా గదా ఆ పూట. గుమ్మం బయటే ఉన్నా." కుట్టే అంచు మీద నుంచి చూపు తిప్పకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఏం మేస్త్రీ, ఊళ్ళో అందరిళ్ళకీ రసమట్టం పెట్టి ఎగుడుదిగుడు చూస్తావు, నీ కూతురికెప్పుడు పెడతావు అన్నాడు. అల్లుడికి చెప్పు, మొదటి రాత్రి మంచంకోడు కింద ఒక రాతిపెచ్చు పెట్టుకోమని, లేకపోతే తెల్లారేసరికి ఇద్దరూ గోడ కాడికి దొర్లిపోతారు అన్నాడు."

హజ్రా బీ మెటికలు విరిచింది. "వాడి నోరు పడిపోను! అంత మాటంటే మీ నాన్న కొట్టడా మరి!"

"నాన్న నవ్వాడమ్మా."

"ఏందీ?"

"అందరికంటే ముందు నాన్నే నవ్వాడు. నవ్వుతా ఇటు తిరిగేసరికి గుమ్మంలో నేను కనపడ్డా. అప్పుడు కొట్టాడు."

హజ్రా బీ కూతురి పక్కనే కూర్చుంది. బాబూరావు పరాయివాడు కాదు. తనను అక్కా అని, మౌలాలీని బావా అని పిలుస్తాడు. జ్వరమొచ్చినప్పుడు ఈ పిల్లను రైలు దిగిన దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా భుజాన మోసింది వాడే. వాడి నోటికి అదుపుండదు. పెళ్ళిలోనూ చావులోనూ ఏదో ఒకటనేస్తాడు. ఈ ఇంట్లో కూర్చుని టీ తాగుతూ పిల్ల నడక మీద ఏవో అన్నప్పుడు తనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు మహమూదా ఎక్కడుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

కానీ నవ్విన సంగతి ఎవరికి కావాలి? పంచాయితీలో కూర్చున్న వాళ్ళందరికీ ఆడపిల్లలున్నారు. ఆ మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, ఛీ అంటారు.

"రేపు నేను చెప్పనా?" అని కూతుర్ని అడిగింది.

మహమూదా దారం పంటితో కొరికింది. "నాన్న బయటపడతాడా?"

"పడతాడే."

"అయితే చెప్పు. నేను మాత్రం రాను."

పొద్దున బాబూరావు కూడా వచ్చాడు. తలకు అడ్డంగా కట్టు, సగం మొహం వాచి ఉంది. మౌలాలీ అతని వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"అయ్యా, ఆయన చెప్పడు. నేను చెప్తా," అని హజ్రా బీ ముందుకొచ్చింది.

మౌలాలీ ఉలిక్కిపడి, "ఒద్దే," అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. తడబడితే కల్పించి చెప్తోందనుకుంటారని భయం. రాత్రంతా మనసులో అనుకుంటూనే ఉంది. అందుకని బాబూరావు అన్నది అన్నట్టే, ఎక్కడ సాగదీస్తాడో అక్కడ సాగదీసి, ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగి చెప్పింది. రాతిపెచ్చు దాకా అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

"...లేకపోతే తెల్లారేసరికి ఇద్దరూ గోడ కాడికి దొర్లిపోతారు అన్నాడయ్యా."

ఎవరో దగ్గారు. దగ్గు కాదది. వెనక ఇంకెవరికో ముక్కులోంచి చీదినట్టు చప్పుడొచ్చింది. అంతే, ఇక ఆగలేదు. నిన్న వినపడలేదన్న కూలీలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. త్రికోటేశ్వరరావు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు గానీ ఆయన భుజాలు కదులుతున్నాయి. శేషమ్మ కూడా నవ్వి, మొగుడి కట్టు చూసి మొహం దాచుకుంది.

"నవ్వబాకండయ్యా," అన్నాడు బాబూరావు.

అందరూ సర్దుకున్నారు.

"నేనిట్టాంటివి రోజూ అంటా. బావ రోజూ నవ్వేవాడు. ఆ రోజూ నవ్వాడు. నవ్వినోడు ఎందుకు కొట్టాడో నాకు ఇప్పటికీ తెలవట్లేదక్కా. తప్పయితే ఆపరా అనొచ్చు గదా, ఆపేవాణ్ణి."

త్రికోటేశ్వరరావు కండువా తీశాడు. "ఏం మౌలాలీ, నవ్వావా?"

కాదంటే సరిపోయేది. హజ్రా బీ కళ్ళతోనే బతిమాలింది.

"నవ్వానండి," అన్నాడు మౌలాలీ.

"మరి?"

"పిల్ల చూసింది."

"ఏం చూసింది?"

"నేను నవ్వడం."

"నువ్వు నవ్వినందుకు వాడి కన్నెందుకు తీశావురా?"

మౌలాలీ మళ్ళీ రాళ్ళ సందులో సిమెంటు గీకాడు. హజ్రా బీ జవాబు కోసం వెతికింది. నిజంగా వెతికింది. ఏదో ఒకటి దొరికితే అరిచి చెబుదామని నోరు తెరిచే ఉంచింది. దొరకలేదు.

"బావా బావమరిది పరాచికం. నువ్వూ నవ్వావు, మేమూ నవ్వాం. దానికి కన్ను తీస్తే ఎట్టా?" త్రికోటేశ్వరరావు గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "కేసు నడవాల్సిందే. నేనేం చెయ్యలేను."

మౌలాలీని అక్కడి నుంచే స్టేషన్‌కు తీసుకుపోయారు.  పోతూ, ఒద్దన్నా చెప్పావు గదా అని కూడా భార్యను అనలేదు. అన్నా బాగుండేది.

హజ్రా బీ ఇంటికొచ్చేసరికి మహమూదా మిషన్ ముందే కూర్చుని ఉంది. గుడ్డ వేయలేదు.

"నాన్నేడి?"

తల్లి తల అడ్డంగా ఊపి గుమ్మంలోనే కూలబడింది.

"చెప్పావా?"

"చెప్పా."

"నవ్వారా?"

"లేదు తల్లీ. ఎవరూ నవ్వలా. అందరూ ఛీ ఛీ అన్నారు."

మహమూదా మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించింది.

"రెండిళ్ళ అవతలే గదమ్మా," అన్నది. "ఇక్కడికి వినపడింది."

మధ్యాహ్నం దాటినా ఆ పిల్ల కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. దాహమైతే నీళ్ళు ఇటివ్వమ్మా అని అడిగింది. కుండ నాలుగడుగుల దూరంలోనే ఉంది. తల్లి చూస్తుండగా లేచి అక్కడిదాకా నడవలేదు.