మన పేరు లేని కేసు

ఆన్‌లైన్‌లో కోర్టు హియరింగ్ ఉన్న రోజు ఇంట్లో కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ వెయ్యకూడదు. మృదుల అన్నం గిన్నెలో వండి, పచ్చడి రోట్లో నూరబోతే ఆ చప్పుడూ వద్దన్నాడు భర్త జితేందర్. అన్నిటికీ సరేనంది గానీ, దగ్గుకు ఏ మూత పెడుతుంది? "మైకుల ఇనొస్తది మృదులా, జర బయటికి పోరాదు," అన్నాడు టై సరిచేసుకుంటూ. పైన కోటూ టై, కింద లుంగీ. కెమెరాకు కనిపించేంత వరకే ఆయన మర్యాద.

అబిడ్స్‌లో బడిలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి, సొంత ఇంట్లోంచి బయటికి నడిచి, మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గింది. లోపల నడుస్తున్న కేసు ఆ దగ్గు తెచ్చిన పొగ గురించే. అది తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే మళ్లీ దగ్గొచ్చింది.

చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ ఒడ్డున, ఓ విదేశీ కంపెనీ చెత్త కాల్చే ప్లాంటు పెట్టింది. ఆ పొగ వీళ్లుండే నాంపల్లి గల్లీల దాకా వచ్చేది. మృదుల, పక్కింటి నళిని, గల్లీలో ఆడవాళ్లంతా వంటలు ముగించుకుని లక్డీకాపూల్ ఆఫీసుల చుట్టూ తిరిగారు. "ఇల్లు ఇడిచిపెట్టి గా తిరుగుడేంది?" అని అత్తగారు ప్రభావతి సణుగుతూనే ఉండేది. ఎన్నికలప్పుడు వచ్చిన నాయకుల్ని గుమ్మంలోనే నిలబెట్టి అడిగారు. ఆఖరికి సర్కారు ప్లాంటు మూయించింది. మన ఓటుకు ఇంత బలముందా అని ఆ రోజు మృదుల పొంగిపోయింది.

కంపెనీ మాత్రం మన కోర్టుకు వెళ్లలేదు. దేశాల మధ్య వ్యాపార ఒప్పందంలో ఇంకో కోర్టు రాసిపెట్టుకున్నారట, అక్కడికి వెళ్లింది. విదేశంలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, మూయించినందుకు మన సర్కారు ఎంత నష్టం కట్టాలో తేలుస్తారు. వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు, వాళ్ల మాటమీద అప్పీలూ లేదు. సర్కారు వకీళ్లలో జితేందర్ ఒకడు. "మా దగ్గుల సంగతి గాడ చెప్తున్నరా?" అని ఓసారి అడిగింది. "ఈ కేసుల మీరు పార్టీ కాదు మృదులా. నీకు సమజ్ కాదు గని చాయ్ పెట్టు," అన్నాడు. పెట్టింది. పెళ్లైన కొత్తలో తనకొచ్చిన ప్రమోషన్ వద్దని ఇదే హాల్లో అత్తామామలూ, ఆయనా కూర్చుని తేల్చినప్పుడూ ఆమె చాయే పెట్టింది. అప్పుడు తేల్చినవాళ్లూ ముగ్గురే.

ఆ సాయంత్రం హియరింగ్ ముగిశాక జితేందర్ వెలిగిపోతూ గదిలోంచి వచ్చాడు. "రాజీ అయింది. సర్కారు కట్టేది ఏం లేదు."

"మరి ప్లాంటు?"

"మళ్ల తెరుస్తరు. చిమ్నీ జర పొడుగు చేస్తరట. ఎవ్వరికి చెప్పకు, బయటపడితే నా పని పోతది."

మృదులకు కోపం కూడా రాలేదు. అన్నేళ్ల తిరుగుడూ ఒక్క మాటతో ఉత్తదైపోయింది, అంతే.

కేసు ముగిసింది, సర్కారుకు ఊరట అని పేపర్లో వచ్చింది. గల్లీ ఆడవాళ్లు గెలిచామనుకున్నారు. ఆదివారం నళిని అందర్నీ వెంటేసుకుని, శాలువా పట్టుకుని వచ్చింది. "అన్నా, మా పిల్లల పానం నిలబెట్టినవు," అంది, కళ్లు తుడుచుకుంటూ. జితేందర్ వద్దనలేదు. మెడ కాస్త వంచి, మృదుల వైపు చూశాడు. నోరు మూసుకొమ్మని చెప్పే ఆ చూపు ఆమెకు కొత్త కాదు.

చెప్పినా ప్లాంటు ఆగదు, ఆయన పని మాత్రం పోతుంది. చెప్పకపోతే వీళ్లు పొగ మళ్లీ ఇంట్లోకి వచ్చేదాకా ఈయనకు దండాలు పెడతారు. అది మాత్రం చూడలేననిపించింది మృదులకు.

"నళినీ, ఆ శాలువా కప్పకు. ప్లాంటు మళ్ల తెరుస్తున్నరు. మన సర్కారే ఒప్పుకున్నది. మాట్లాడి ఒప్పించింది ఈయనే."

నళిని శాలువాను మెల్లగా మడతపెట్టింది. "అయితే మనం ఏ కోర్టుకు పోవాలె వదినా?"

"చెప్పుండ్రి," అంది మృదుల భర్తతో.

జితేందర్ నేలకేసి చూస్తూ, "మీకు ఏ కోర్టూ లేదు," అన్నాడు.

ఆ 'మీకు'లో తనూ ఉందని మృదులకు తెలుసు. ఆయన పక్కనుంచి లేచి, వెళ్లి నళిని పక్కన కూర్చుంది.