శుక్రవారం మోరి

వాజిదా గాజు పళ్లేన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. గడ్డకట్టిన అగర్ జెల్లీ మీద బ్యాక్టీరియా పాలమీద మీగడ కట్టినట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంది. ఎక్కడా రంధ్రం లేదు. రెండో పళ్లెం చూసింది. మూడోది చూసింది. వాటిలోనూ లేవు.

1967 డిసెంబరు 9, శనివారం. నిజామాబాద్‌లో ఒక కాలేజీ ప్రయోగశాల. వాజిదా అక్కడ డెమాన్‌స్ట్రేటరు. ఉద్యోగం తాత్కాలికం. రోజూ బోధన్ నుంచి రైల్లో వచ్చి పోతుంది.

హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఆమె ఈ ప్రయోగం తన చేతులతో చేసింది. మోరి నీళ్లలో, అంటే మురుగుకాలువ నీళ్లలో, బ్యాక్టీరియాను తినే వైరస్‌లు ఉంటాయి. ఆ నీళ్లు వడకట్టి, క్లోరోఫాం కలిపితే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, వైరస్‌లు మిగులుతాయి. ఆ నీళ్లు చుక్క తీసి బ్యాక్టీరియా పెంచే పళ్లెంలో కలిపితే, వైరస్ ఉన్న ప్రతిచోటా తెల్లారేసరికి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఈ ప్రయోగాన్ని బి.ఎస్సీ. పిల్లల పాఠాల్లో పెట్టమని వాజిదా అడిగింది. శాఖ పెద్ద దేవిదాస్ ఒప్పుకున్నాడు. విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి చూసి, సరే అంటే పాఠం ఉంటుంది. పాఠం ఉంటే ఆమె ఉద్యోగం ఉంటుంది. ప్రొఫెసర్ వచ్చేది పదహారున, అంటే వచ్చే శనివారం.

"ఏమమ్మా, మీ వైరస్‌లు సెలవు పెట్టి పోయినయా?" అన్నాడు దేవిదాస్, పళ్లెంలోకి చూస్తూ.

"కంఠేశ్వర్ మోరి నీళ్లు సార్. అందులో లేకపోతే ఇంకెందులో ఉంటయి?"

"రెండు శుక్రవారాలు తెచ్చిండ్రు. రెండుసార్లు ఇదే. ఇంకొక్క శుక్రవారమే ఉన్నది."

నీళ్లు తెచ్చే పద్ధతిని దేవిదాసే పెట్టాడు. కాలేజీ టీచరమ్మ సీసా పట్టుకుని మోరి పక్కన కూర్చుంటే జనం గుమిగూడతారని, ముందు రోజు మున్సిపాలిటీకి కాలేజీ ముద్రతో కాయితం పంపేవాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి, మోరీలు ఊడ్చేవాళ్ల మీద జమేదారు పోశయ్య సీసా నింపి, బిరడా బిగించి, తుడిచి ఇచ్చేవాడు. నీళ్లు తేటగా ఉండేవి. వడకట్టే పని తగ్గిందని వాజిదా రెండుసార్లూ సంతోషించింది.

గురువారం సాయంత్రం ఆమె స్టేషన్‌కు పోకుండా ఊళ్లోనే ఉన్న కంఠేశ్వర్ వాడకు నడిచింది. రేపటి నీళ్లు మోరి మొదట్లో కాకుండా చివర తీయమని పోశయ్యకు చెప్పాలి.

సందు మలుపు తిరగ్గానే ఆగిపోయింది. మోరికి రెండు పక్కలా సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. మంత్రి వచ్చేటప్పుడు రోడ్డుకు గీస్తారే, అలాంటివి. ఇద్దరు మనుషులు చీపుళ్లతో మోరి అడుగు గీకుతున్నారు. మూడో మనిషి డ్రమ్ములోంచి బిందెలతో నీళ్లు పోస్తున్నాడు. పోశయ్య చేతిలో డబ్బా ఉంది. అందులోంచి బ్లీచింగ్ పౌడర్ తీసి చల్లుతున్నాడు.

"పోశయ్యా, ఏం జేస్తున్నవ్?"

పోశయ్య డబ్బా కింద పెట్టి సలాం చేశాడు. "రేపు మీరొస్తరు గద మేడమ్. తయారు జేస్తున్న."

"మోరిని తయారు జేసుడేంది?"

"ఆ రెండు సార్లు గూడ గిట్లనే జేసినం. ఊడ్పిచ్చి, పౌడర్ జల్లి, పొద్దుగాల ఓ డ్రమ్ము బాయినీళ్లు ఇడిసిపెట్టినం. మీరు సీసా సూసి నవ్విండ్రు. మంచిగైందనుకున్న."

"మోరి నీళ్లు కావాలె అని కాయితంల రాసినం గద!"

"రాసిండ్రు. గని ముద్ర కొట్టిన కాయితం వచ్చినంక మోరి మోరి లెక్కనే ఉంటే నా నౌకరి ఉంటదా?"

పక్క ఇంటి గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న హన్మవ్వ తలెత్తింది. "గాయినె మీద ఎందుకు గరమైతున్నవ్ బిడ్డా? పదేండ్ల సంది గీ మోరి అడుగు ఎవలన్న సూసిండ్రా? నువ్వొచ్చినంకనే సూసినం. దోమలు గూడ తక్కువైనయి. వారం వారం రా."

"అవ్వా, ఆ పౌడర్‌తోని నేను వెతికేదే చచ్చిపోతది."

"ఏం వెతుకుతున్నరు మేడమ్?" అన్నాడు పోశయ్య.

"పురుగును తినే పురుగును. కంటికి కనబడది. మోరిలనే ఉండి మోరిల పురుగును తింటది."

పోశయ్య ఆలోచించాడు. "మోరిల ఉండి మోరి సాఫ్ జేస్తదా? గట్లయితే అది మా డిపార్ట్‌మెంటే."

హన్మవ్వ నవ్వింది. వాజిదాకూ నవ్వు వచ్చింది గానీ, ఎల్లుండి శనివారమన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఇంకో మోరి చూపిస్తవా? ఎవరూ ముట్టనిది?"

"ఎందుకు సూపియ్య? గని ముందుగాల కాయితం పంపుండ్రి."

ఆ రాత్రి బోధన్‌లో ఆమె తన తండ్రి గులాంకు జరిగింది చెప్పింది. ఆయన బజారులో తాళాలు బాగుచేస్తాడు. అంతా విని, మన ఇంటి వెనక సందులో మోరి ఉంది కదా, దానికి ఏ కాయితమూ అక్కర్లేదు అన్నాడు. పొద్దున్నే వెదురు కర్రకు రేకు డబ్బా కట్టి ఇచ్చాడు. ఆమె నీళ్లు తీస్తుంటే సందు మొదట్లో నిలబడి, అడిగిన ప్రతివాళ్లకూ తాళంచెవి పడిపోయిందని చెప్పాడు. ఈసారి నీళ్లు తేటగా లేవు. సీసా అడుగు కనిపించలేదు.

రైల్లో ఆమె సీసాను ఒళ్లో నిలబెట్టి పట్టుకుంది. ఎడపల్లిలో ఎర్రన్న అనే చెరుకు రైతు ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. సీసా వంక చూశాడు.

"చెరుకు రసమా బిడ్డా?"

"కాదు కాకా. మోరి నీళ్లు."

ఎర్రన్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "నిజామాబాద్‌ల మోరీలు లేవా? బోధన్ సంది మోస్కపోతున్నవ్?"

"ఉన్నయి. సాఫ్‌గ ఉన్నయి."

"ఎవలు సెప్పిండ్రు నీకు?" అన్నాడు ఎర్రన్న. పెట్టెలో అందరూ నవ్వారు. కాసేపటికి అతను ఒక చెరుకు గడ విరిచి ఆమె చేతిలో పెట్టాడు. "గది పారబోసి గిది తిను."

ప్రయోగశాలలో వాజిదా నీళ్లు మూడుసార్లు వడకట్టింది. క్లోరోఫాం కలిపి ఊపి, అడుగుకు దిగేదాకా ఆగింది. పైనీళ్లు తీసి పదింతలు, వందింతలు పలుచన చేసింది. సాయంత్రం నాలుగింటికి, ఆ నీళ్లను బ్యాక్టీరియాతో కలిపి పోసిన ఆరు పళ్లేలు వేడిపెట్టెలో పెట్టి తలుపు వేసింది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ప్రొఫెసరూ దేవిదాసూ ఆమె వెనకే లోపలికి వచ్చారు. ముందుగా తాను ఒక్కతే చూసుకుందామనుకుంది. కుదరలేదు. వాళ్ల ముందే తలుపు తీసి, చేతికందిన పళ్లేన్ని కిటికీకి ఎత్తింది.

మీగడ మీద వానచినుకులు పడ్డట్టు రంధ్రాలు ఉన్నాయి.

ప్రొఫెసర్ పళ్లెం తీసుకుని వేలితో లెక్కపెట్టాడు. నలభై ఏడు. నీళ్లు ఎక్కడివని అడిగాడు.

"బోధన్‌వి సార్. మా ఇంటి వెనకవి."

"అంతకుముందు రెండుసార్లు రాలేదని దేవిదాస్ గారు చెప్పారు. ఎందుకు రాలేదు?"

వాజిదా చెప్పింది. సున్నం గీతల దగ్గరికి వచ్చేసరికి ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. పాఠం ఉంచమని రాసి సంతకం పెట్టాడు. ఆ రెండు శుక్రవారాల పళ్లేలు కూడా పిల్లలకు చూపించమన్నాడు. బ్లీచింగ్ పౌడర్ ఏం చేస్తుందో అంతకంటే బాగా చెప్పలేమన్నాడు.

సోమవారం పోశయ్య కాలేజీకి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"శుక్రారం మీరు రాలే మేడమ్. గంటసేపు సూసినం. మోరి అద్దం లెక్క జేసి పెట్టినం. హన్మవ్వ నన్ను తిట్టింది, నువ్వేదో అన్నవ్, పిల్ల అలిగిందని. ఇగ రారా?"

వాజిదా అతణ్ని కూర్చోమని చెప్పి, లోపలికి వెళ్లి కాయితం రాసుకుని దేవిదాస్ ముందు పెట్టింది. ప్రతి శుక్రవారం పొద్దున ఏడు గంటలకు కంఠేశ్వర్ మోరి నీళ్ల కోసం కాలేజీ తరఫున వస్తామని అందులో ఉంది.

దేవిదాస్ రెండుసార్లు చదివాడు. "ఆ నీళ్లు మీకు పనికిరావు గదమ్మా?"

"రావు సార్," అంది వాజిదా. "ముద్ర కొంచెం గట్టిగ కొట్టుండ్రి."