ఎర్ర చుక్క

బియ్యం కడిగి ఎసట్లో పోస్తుంటే మా అత్తమ్మ మాణిక్యమ్మ గోడవతలి ఎంకమ్మతో అంటోంది: "గట్టి పిల్ల. కడుపు పోయి పది దినాలు గాలె, లేసి తిరుగుతలేదా?"

రెండోసారి పోయింది. రెండుసార్లూ నాలుగో నెలే. రెండోదానికి నాలో నేనే చిన్ని అని పేరు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. బొంగులూరులో ప్లాట్లు చూపించడానికి బయల్దేరుతూ మా ఆయన వికాస్ బండి మీది నుంచే కేకేశాడు: "ముఖమెందుకు గట్ల పెడ్తవ్? మంచిగనే ఉన్నవ్ గదా. బొట్టన్న పెట్టుకో." పెట్టుకోకుండానే కాలేజీ బస్సెక్కాను.

ఇబ్రహీంపట్నం ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ముక్కలు విరగ్గొట్టడం నా పని. పింగాణీలాంటి మట్టిలో సన్నటి పోగులు కలిపి కాల్చినవి, చాక్‌పీసంత ఉంటాయి. ఒక్కోదాన్నీ మిషన్‌లో వంచి, ఎంత బరువుకు విరిగిందో రాస్తాను. ముప్పై విరిగితే, ఇకముందు చేసేవాటిలో నూటికి ఎన్ని ఎంత బరువుకు ఆగుతాయో చెప్పొచ్చు. ఆ లెక్క మా ల్యాబు ప్రొఫెసర్ సార్ పేరు మీద అచ్చవుతుంది. కొన్నిటిని కొంత బరువు మోయించి, విరక్కముందే తీసేస్తాం. వాటిని గట్టివి అనం, ఇంకా విరగనివి అంటాం. పైకి నున్నగానే ఉన్నా లోపల పోగులు తెగి ఉంటాయి. అందుకే ఎర్ర ఇంకు చుక్క పెట్టి పక్కన పెడతాం. చుక్క ఉన్నదానికి మళ్లీ బరువు పెట్టకూడదు.

ఆ రోజు ఒకటి సగం బరువుకే టక్కుమంది. అటెండర్ బిక్షం ముక్కలు ఏరి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో మేడం, గిది మొన్న మోసిందే. చుక్క పెట్టుడు నేనే మర్చిన. మంచిగనే కనవడె."

రాస్తున్న కాగితం తడిసిపోయింది. ఎంత తుడుచుకున్నా ఆగలేదు.

"గీ ముక్కకా మేడం? పెట్టె నిండ ఉన్నయి, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు కంగారుగా.

ఇంటికొచ్చేసరికి వికాస్ చాయ్ తాగుతున్నాడు. మళ్లీ కడుపు కోసం అత్తమ్మ దవాఖానకు తేదీ కూడా ఖాయం చేసింది.

"మూడోది నిలుస్తది బిడ్డా. గట్టిదానివి, మోస్తవ్."

లోపలికెళ్లి అద్దం ముందు కుంకుమ బొట్టు పెట్టుకున్నాను. ఎప్పటికంటే పెద్దగా, ఎర్రగా. వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"గిప్పుడు మంచిగున్నవ్," అన్నాడు వికాస్.

"నేనిగ మొయ్య," అన్నాను.