ఘాటు లేని గుడ్డ

"ఇంకో చెంచా వెయ్యనియ్యి అత్తా. నీళ్ళల్లే ఉన్నయ్."

"ఒద్దంటన్నా గదా. విరేచనాలవుతున్న బిడ్డకి చిక్కపాలు పడితే వేడి చేసుద్ది. పలచగా ఉంటేనే అరిగేది."

తెల్లవారిన దగ్గర్నుంచీ అత్తాకోడళ్ళ మధ్య ఇదే వాదన. వెంకాయమ్మ పాలడబ్బా మూత బిగించి గూట్లో పెట్టేసింది. డబ్బా మీద బొమ్మలో బొద్దుగా ఉన్న పాప నవ్వుతోంది. కోటేశ్వరి ఒళ్ళో ఉన్న మూడు నెలల పాప రబ్బరు పీకను నోట్లో పెట్టుకుందేగాని చప్పరించడం లేదు. రెండు రోజుల్లోనే మొహం ముసలమ్మ మొహంలా ముడుచుకుపోయింది.

"పోనీ నా పాలే ఇస్తా. రాత్రుళ్ళు రవికంతా తడుస్తంది. పిండి పారబోస్తన్నా."

"ఆ ఘాటు పాలా? బిడ్డ మూతి పొక్కిన సంగతి అప్పుడే మరిచావా?"

"అరచేతిలో పిండుకుని నాకి చూశానత్తా. తియ్యగానే ఉన్నయ్."

"పుట్టిన కాణ్ణుంచి మిరపకాయల్లో పెరిగిన నాలుక నీది. దానికేం తెలుసుద్దే కారం?"

వాకిట్లో చుట్ట ముట్టించుకుంటున్న రోశయ్య పెళ్ళాం మాటకి నవ్వాడు. "మీ అత్త నాలుక కంటే నయమేలేవే," అన్నాడు కోడలితో. కోటేశ్వరి నవ్వలేదు. మొగుడు చెంచురామయ్య చొక్కా తగిలించుకుంటూ, పొద్దెక్కాక పాపని ఊళ్ళో ఆరెంపీ డాక్టరుకి చూపిద్దామన్నాడు. వాదన అక్కడితో ఆగింది.

వెంకాయమ్మ సద్దిగిన్నె చంకన పెట్టుకుని కల్లానికి బయల్దేరింది. పొలాల మధ్య డొంక. రెండు వైపులా కోత అయిపోయిన మిరప తోటలు. దూరాన ఆసామి కల్లం నెత్తురు ఆరబోసినట్టు ఎర్రగా ఉంది. ఫాల్గుణమాసపు ఎండ అప్పుడే కాలికి తగులుతోంది.

ఆమె చంటిబిడ్డ తల్లిగా ఉన్న రోజుల్లో ఈ పొలాల్లో మిరప లేదు, పత్తి. పత్తి ఏరుతూ, ఆకలైనప్పుడు గట్టు మీద కూర్చుని చెంచురామయ్యకి పాలిచ్చేది. కాలవ నీళ్ళు వచ్చాకే మిరప వచ్చింది. అప్పటికి ఆమె పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కాయలు కొయ్యడం, ఎండబోయడం, తాలుకాయ ఏరడం, అన్నీ నడివయసులో నేర్చుకుంది. గోళ్ళ చుట్టూ చర్మం నల్లబడి బెరడు కట్టింది. మొదట్లో రాత్రుళ్ళు చేతులు మండి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడా మంట తెలియడం కూడా మానేసింది.

కోటేశ్వరి కానుపు గుంటూరులో ఒక నర్సింగ్ హోములో అయింది. మర్నాడు తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి మంచాల మధ్య తిరుగుతూ వచ్చి ఒక పాలడబ్బా, గోడకి తగిలించుకునే ఆ కంపెనీ క్యాలెండరు ఊరికే ఇచ్చింది. వెంకాయమ్మ లేచి నిలబడి, డాక్టరమ్మగారూ అని దణ్ణం పెట్టింది. కాదని ఆ అమ్మాయి అనలేదు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"మిరప కల్లంలో కూలికి పోతామండి."

"అయ్యో, అయితే మీ బిడ్డకి ఇదే మంచిది," అంది ఆ అమ్మాయి. అంతే అంది. ఎందుకు మంచిదో చెప్పకుండానే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత కోటేశ్వరి పనిలోకి దిగింది. మొదటి రోజు మధ్యాహ్నం వేపచెట్టుకి కట్టిన ఉయ్యాల్లోంచి బిడ్డని తీసి పాలిస్తే అది గుక్కపట్టి ఏడ్చింది. పెదాలు ఎర్రగా కందిపోయాయి. అప్పుడు వెంకాయమ్మకి ఆ తెల్లకోటు మాట గుర్తొచ్చింది. ఒంట్లో ఘాటు పాలల్లోకి దిగిందని ఆమే తేల్చింది. పాలు మాన్పించమనీ ఆమే చెప్పింది. అది జరిగి ఇంకా నెల తిరగలేదు.

కల్లంలో ఆడవాళ్ళు అప్పటికే వరసగా కూర్చున్నారు. తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఒక పక్కకి. గాలి లేచినప్పుడల్లా ఒకరు తుమ్మితే వరసంతా తుమ్ముతోంది. పక్కన కూర్చున్న జానీబీ, "పాపకెట్టా ఉంది పిన్నీ?" అని అడిగింది. "అట్టాగే ఉందే," అంది వెంకాయమ్మ.

అన్నాల వేళకి జానీబీ పిల్లాడు ఉయ్యాల్లో లేచి ఏడ్చాడు. జానీబీ గబగబా వెళ్ళలేదు. సద్దిలోకి తెచ్చుకున్న మజ్జిగ కాస్త చేతుల మీద పోసుకుని రుద్ది, కుండనీళ్ళతో కడుక్కుంది. చెట్టు వెనక్కి పోయి పని రవిక విప్పి, రొమ్ము తడిగుడ్డతో తుడుచుకుని, సద్దిబుట్టలోంచి ఉతికిన పాత పంచె తీసి ఒంటికి చుట్టుకుంది. అప్పుడు ఎత్తుకుంది పిల్లాణ్ణి. వాడు గుటకలు వేస్తూ తాగుతుంటే ఆ చప్పుడు వెంకాయమ్మకి స్పష్టంగా వినిపించింది.

"ఏమే, నీ పాలకి ఘాటెక్కలా?"

జానీబీకి నవ్వొచ్చింది. "పాలకెందుకెక్కుద్ది పిన్నీ? పొద్దస్తమానం కాయల్లో దొర్లిన పైట, రవిక. దాంట్లో పిల్లాడి మూతి పెడితే మండదా? నాకు పెద్దోడప్పుడు తెలిసింది. వాడూ ఇట్టాగే ఏడ్చి చంపాడు."

వెంకాయమ్మ ముద్ద నోటి దగ్గరే ఆగింది. ఆ రోజు కోటేశ్వరి కాయల రాశి దగ్గర్నుంచి లేచి, అదే పైట కిందకి బిడ్డని తీసుకోవడం కళ్ళకి కట్టింది. పక్కనే నిలబడి తను చూస్తూనే ఉంది. గిన్నె మూతపెట్టి, మేస్త్రీకి చెప్పకుండానే డొంక పట్టింది.

ఇంటికొచ్చేసరికి కోటేశ్వరి గడపలో కూర్చుని ఉంది. ఆరెంపీ డాక్టరు తన వల్ల కాదని, వెంటనే గుంటూరు తీసుకెళ్ళమన్నాడట. చెంచురామయ్య ఆసామి ట్రాక్టరు అడగడానికి పరిగెత్తాడు. పాప కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఏడుపు లేదు.

వెంకాయమ్మ పెట్టెలోంచి రోశయ్య పాత పంచె తీసి ముక్క చింపింది. బావి దగ్గర సబ్బుపెట్టి ఉతికి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్ళీ జాడించింది. చేతులు మజ్జిగతో కడుక్కుంది. వచ్చి కోడలి ముందు కూర్చుంది.

"పాలల్లో ఘాటు లేదే కోటేశ్వరీ. పైటలో ఉందంట. ఇయ్యి, బిడ్డకి పాలియ్యి."

కోటేశ్వరి అత్త మొహంలోకి చాలాసేపు చూసింది. రవిక ముడి విప్పింది. వెంకాయమ్మే తడిగుడ్డతో ఆమె రొమ్ము తుడిచి, బిడ్డ మూతి దానికి ఆనించింది. పాలు వచ్చాయి. పెదాల మీద పడి, నోట్లోకి పోకుండా చెంప మీదుగా చెవిలోకి కారాయి. వెంకాయమ్మ గుడ్డతో తుడిచింది. మళ్ళీ కారాయి. మళ్ళీ తుడిచింది. వీధి చివర ట్రాక్టరు చప్పుడు వినిపించేసరికి, ఇక తుడవాల్సిన పని లేదని ఇద్దరికీ తెలిసింది.

పొద్దుగూకే లోపు రోశయ్య, చెంచురామయ్య పాపని వాగు పక్కన పూడ్చి, స్నానాలు చేసి వచ్చారు. పక్కింటి కొండమ్మ తామరాకులో మల్లెమొగ్గలు తెచ్చి గడప లోపల పెట్టింది. రొమ్ములకి వేసి కట్టుకుంటే పాలు ఇంకిపోతాయంది. కోటేశ్వరి రవిక ముందంతా తడిసి ఉంది. రోశయ్య తల తిప్పుకున్నాడు.

"కట్టుకో తల్లీ. నొప్పెడతయ్," అంది వెంకాయమ్మ.

కోటేశ్వరి ఆకుని నెమ్మదిగా పక్కకి జరిపింది. గొంతు పెంచకుండా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"నేను కట్టుకోను. పాలు ఉన్నన్నాళ్ళు ఉండనీండి. రేపు నేనూ కల్లానికి వస్తా."

చెంచురామయ్య లేచి లాంతరు వెలిగించాడు. పెరట్లో దండెం మీద, మధ్యాహ్నం ఉతికిన పంచె ముక్క పూర్తిగా ఆరి, ఏ ఘాటూ లేకుండా గాలికి ఊగుతోంది.