డ్రైవరు వైపు తలుపు

తలుపును ఎనిమిదోసారి ఊడదీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. చిటికెన వేలంత ప్లాస్టిక్ తలుపు. బొమ్మ కారుకు ఆనిస్తే పైన సరిగ్గానే కూర్చుంటుంది, కింద మాత్రం వెంట్రుక దూరేంత సందు. కారు ముక్కలు వచ్చిన పెట్టె మీది బొమ్మలో ఆ సందు లేదు. సంబంధాలకు పంపే ఫోటోల్లాగే పెట్టె మీది బొమ్మల్లో ఏ వంకా కనిపించదు.

బొమ్మల కొట్టు వెనక గదిలో ఇరవై ఆరేళ్లుగా అతని పని ఇదే. కార్ల కిట్లు కొనుక్కుని, ఇంట్లో ముక్కలు కుదరక విసిగిపోయినవాళ్లు తెచ్చి అతని ముందు పడేస్తారు. వంగిన అడుగుపలకను వేడినీళ్లలో ముంచి, అద్దం మీద అదిమి తిన్నగా చేస్తాడు. ఎక్కువైనచోట అరగదీస్తాడు, చాలనిచోట పుట్టీ పెడతాడు. కొట్లో అందరూ ఆకురాయి అని పిలుస్తారు. జేబులో ఎప్పుడూ చిన్న ఆకురాయి ఉంటుంది మరి. జిగురు సీసా మూత తీయాలంటే మాత్రం అతనికి ప్రాణసంకటం. అంటిస్తే అంటించినట్టే కదా! వచ్చిన సంబంధాల్లోనూ ఇలాగే సందులు వెతుకుతూ కూర్చున్నాడు. యాభై నాలుగేళ్లు వచ్చేశాయి.

ఈ కారు ఎవరో తెచ్చిచ్చింది కాదు. అక్క మొగుడు ముప్పై ఏళ్లు టాక్సీగా నడిపింది ఈ రకం బండినే. మంచాన పడ్డ రోజు బావ, "నా బండిని ఒక్కసారి చూపించరా" అన్నాడు. ఆ మాటకు నాలుగు నెలలు. డాక్టరు ఇప్పుడు వారాలు మానేసి రోజుల లెక్కన మాట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం కారును అట్టపెట్టెలో పెట్టుకుని, రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి వెళ్లాడు. తలుపును టేపుతో నిలబెట్టాడు. బావ కారును అరచేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. స్టీరింగు పట్టిన వేళ్ల మీద కాయలు ఇంకా అలాగే ఉన్నాయి.

"కింద సందుంది బావా. ఇవాళ సరిచేసేస్తా."

"ఉండనీరా. నా బండికీ అక్కడే ఉండేది. గాలి దూరి ఈల వేసేది. మలుపులో ఆ ఈల విని మీ అక్క కంచం పెట్టేసేది."

"నన్ను ఊరడించడానికి చెబుతున్నావు."

"నిన్ను ఊరడించాల్సిన ఖర్మ నాకేంటి? అంటించెయ్. ఇక్కడే, నా ఎదురుగా."

జిగురు సీసా జేబులోనే ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. "సాయంత్రం తెస్తాలే" అన్నాడు.

అక్క వైపు చూసి బావ కన్నుగీటాడు. "పెళ్లి సంగతీ ఇలాగే చెప్పాడు, సాయంత్రం ఆలోచిస్తానని."

ముగ్గురూ నవ్వారు. వెళ్లేటప్పుడు కారును బావ చేతిలోంచి కాస్త గట్టిగానే లాక్కోవాల్సి వచ్చింది.

తిరిగి కొట్లో పనిలో కూర్చున్న అతనికి నాలుగు దాటాక అసలు సంగతి తెలిసింది. తప్పు తలుపుది కాదు. సీట్లు బిగించిన లోపలి పళ్లెం పిసరంత వెడల్పెక్కువ. అదే కారు పక్కల్ని బయటికి నెడుతోంది. ఇన్ని రోజులూ చేసింది ఒకరు, దెబ్బలు తిన్నది తలుపు! పళ్లెం అంచు రెండు గీతలు అరగదీయగానే పక్కలు లోపలికొచ్చాయి, తలుపు బుద్ధిగా కూర్చుంది. తల వెంట్రుక పీకి దూర్చి చూశాడు. దూరలేదు. పట్టరాని సంతోషం వేసింది. ఏనాడూ లేనిది, రెండో ఆలోచన లేకుండా జిగురు పూసి అంటించేశాడు.

అది ఆరుతుండగా యజమాని ఫోను పట్టుకుని వచ్చాడు. "మీ అక్కగారు."

"మెల్లగా రా తమ్ముడూ," అంది అక్క. "ఇంక తొందరేం లేదు."

కారు పూర్తిగా ఆరేదాకా అతను స్టూలు మీదనుంచి లేవలేకపోయాడు.

బావ కళ్లు మూసి ఉన్నాయి, దుప్పటి గుండెల దాకా కప్పి ఉంది. అక్క అతని చేతిలోని పెట్టె తీసుకుని కారును బయటికి తీసింది. తలుపు కింద గోటితో తడిమి చూసింది.

"సందు ఏదిరా?" అంది.

అక్క కారును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊదింది. కాసేపు విని, దాన్ని తలగడ పక్కన పెట్టింది. తలుపు ఒక్క వెంట్రుక కూడా దూరకుండా మూసుకుపోయి ఉంది.